వీరేశం గారికి ఏం ఇష్టం?

నా కుర్చీలో ఇప్పుడు కూర్చుంటున్న అమ్మాయి పోయిన నెల ఫోన్ చేసింది. "మేడం, ఇక్కడ పని ఎలా చేయాలో ఎక్కడా రాసి లేదు. మీరైనా రాసివ్వండి" అంది. రాసి లేదన్నది అబద్ధం. బీరువాలో నాలుగు లావుపాటి ఫైళ్ళున్నాయి. ఏ ఫారం ఎలా నింపాలో, ఏ రిపోర్టుకు ఏ రంగు అట్ట వేయాలో అన్నీ వాటిలో ఉన్నాయి. ఆ అమ్మాయి అడిగింది వాటి గురించి కాదని నాకు తెలుసు. అందుకే ఈ కాగితాలు రాస్తున్నాను.

ఆబిడ్స్‌లో ఒక కళ్ళజోళ్ళ దుకాణం మీద, రెండో అంతస్తులో ఉన్న కెరీర్ గైడెన్స్ సెంటర్‌లో నేను ముప్పై ఏళ్ళకు పైగా కౌన్సెలర్‌గా పనిచేశాను. ఏం చదవాలో తెలియని పిల్లలూ, చదివిందానికి ఉద్యోగం దొరకని పెద్దలూ వచ్చేవారు. వాళ్ళకు పర్సనాలిటీ టెస్టు, ఆప్టిట్యూడ్ టెస్టు పెట్టి, ఏ పని నప్పుతుందో చెప్పడం నా పని. మొదట్లో కాగితం మీద రాసేవారు, తర్వాత కంప్యూటర్ వచ్చింది, చివరి పదేళ్ళూ అంతా ఆన్‌లైన్. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ కొత్తలో మా నాన్న గుంటూరు నుంచి గుమాస్తాగా ఈ ఊరొచ్చి హిమాయత్‌నగర్‌లో స్థిరపడ్డారు. నేనేం పని చేస్తున్నానని చుట్టాలు అడిగితే, "జాతకాలు చెబుతుంది, కాకపోతే పంచాంగం ఉండదు" అని అందర్నీ నవ్వించేవారు. నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు ఆ మాట ఆయన నోట మళ్ళీ ఒక్కసారి వినాలని ఉంది.

చిల్లుల అట్ట

నాకు పని నేర్పినాయన మాథుర్ సార్. సెంటర్ ఆయనదే. వాళ్ళ కుటుంబం నాలుగు తరాలుగా హైదరాబాద్‌లోనే ఉంది. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు, కోపం వస్తే రెండూ. ఆ రోజుల్లో జవాబుల కాగితం మీద చిల్లులున్న ఒక అట్ట పెట్టి, ఏ చిల్లులో పెన్సిల్ గీత కనిపిస్తే దానికో మార్కు వేసేవాళ్ళం. రోజుకు పదిహేను కాగితాలు దిద్దేసరికి కళ్ళ ముందు చిల్లులే తిరిగేవి.

నేను చేరిన మొదటి వారం సార్ నా చేత కూడా పరీక్ష రాయించారు. ప్రతి ప్రశ్నకూ మూడు గడులుంటాయి: ఇష్టం, ఇష్టం లేదు, చెప్పలేను. మనుషులతో మాట్లాడటం ఇష్టం, ఇతరుల కష్టం వినడం ఇష్టం, ఓర్పుగా కూర్చోవడం ఇష్టం అని చకచకా గీతలు పెట్టిచ్చాను. సార్ అట్ట పెట్టి చూసి, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"సుగుణమ్మా, నువ్వు జవాబులు రాయలే. నౌకరీకి దరఖాస్తు రాసినవ్."

సిగ్గుతో చచ్చిపోయాను. కానీ ఆయన నన్ను తీసేయలేదు. "ఫికర్ చేయకు. ఇట్ల అబద్ధం రాసేటోళ్ళను రేపు నువ్వే ముందుగాల పట్టుకుంటవ్" అన్నారు. ఆ పరీక్ష నేను మళ్ళీ రాయలేదు. ఎందుకు రాయలేదో ఈ కాగితాల చివరికొచ్చేసరికి మీకే అర్థమవుతుంది.

ఆయన నేర్పిన వాటిలో రెండు మాటలు చెబుతాను. మొదటిది, మార్కుల కంటే ముందు ‘చెప్పలేను’ గడులు చూడాలి. పేజీ నిండా ‘చెప్పలేను’ అని రాసినవాడికి తన మనసు తెలియక కాదు, చెబితే ఇంట్లో ఏమవుతుందోనని భయం. రెండోది, రిపోర్టు చివర మనం చేత్తో రాసే నాలుగు వాక్యాలు పిల్లల కోసం కాదు. పిల్లలకు తమ ఇష్టం ఎలాగూ తెలుసు. అవి ఇంటిపెద్ద కోసం. ఇంట్లో పిల్ల మాటకు విలువ ఉండదు, స్టాంపు వేసిన కాగితానికి ఉంటుంది. సార్ ఆ నాలుగు వాక్యాలు రాయడానికి ఒక్కోసారి ఒక పూటంతా తీసుకునేవారు. మొదట ఇంటిపెద్ద గౌరవం నిలబెట్టే వాక్యం, తర్వాత బిడ్డ ఇష్టం.

ఆన్‌లైన్ వచ్చాక రిపోర్టు దానంతటదే తయారై వస్తోంది. రంగురంగుల గీతలు, ముప్పై పేజీలు. చేత్తో రాసే చోటు మాత్రం లేదు. సార్ పోయాక సెంటర్ కొన్న కంపెనీ వాళ్ళను ఒక్క అర పేజీ ఖాళీ ఉంచమని మూడేళ్ళు అడిగాను. "సాఫ్ట్‌వేర్‌లో ఆ ఆప్షన్ లేదు మేడం" అన్నారు. నా ఉద్యోగంలో నేను పోగొట్టుకున్నది ఏదైనా ఉందంటే ఆ అర పేజీయే.

మౌస్ పట్టని చేతులు

ఒక తప్పు చెబుతాను, మీరు చేయకుండా ఉండటానికి. కంప్యూటర్ పరీక్షలు వచ్చిన కొత్తలో నాంపల్లి స్టేషన్ వెనక గల్లీ నుంచి ఒకామె వచ్చింది. పదేళ్ళుగా ఇంట్లో జాకెట్లకు చేతిపని చేస్తోంది, ఎక్కడైనా ఉద్యోగంగా చేరాలని ఆశ. చేతివేగం పరీక్షలో ఆమెకు అట్టడుగు మార్కులొచ్చాయి. నేను రిపోర్టు చదివి, "వేగంతో చేసే పనులు మీకు నప్పవు" అని చెప్పేశాను. ఆమె తన చేతుల వంక చూసుకుని, "గట్లనా మేడం" అని వెళ్ళిపోయింది.

మెట్ల మీద చప్పుడు ఆగాక నాకు వెలిగింది. ఆమె మౌస్ పట్టుకోవడం అదే మొదటిసారి. యంత్రం కొలిచింది ఆమె వేళ్ళ వేగాన్ని కాదు, ఆ కొత్తదనాన్ని. పరుగెత్తి కిందికి వెళ్ళేసరికి ఆబిడ్స్ జనంలో కలిసిపోయింది. ఇచ్చిన చిరునామాలో ఇల్లు ఖాళీ చేశారు. ఆ తర్వాత ఎవరొచ్చినా మొదట పది నిమిషాలు ఊరికే మౌస్‌తో ఆడుకోనిచ్చేదాన్ని. మీరూ అలాగే చేయండి, ఇప్పుడు కూడా అలాంటి చేతులు వస్తూనే ఉంటాయి.

ఫోన్లో దొరికేవి

ఇప్పుడు మా దగ్గరికి వచ్చేలోపే పిల్లలు ఫోన్లో అయిదారు పరీక్షలు రాసేసి ఉంటారు. డబ్బు కట్టక్కర్లేదు, పది నిమిషాల్లో అయిపోతాయి. మీరు పుట్టుకతో నాయకులు అంటుంది ఒకటి. కళాహృదయులు అంటుంది ఇంకొకటి. ఎవర్నీ గుమాస్తా అనదు. అందరూ పల్లకీ ఎక్కేవారే అయితే మోసేవారెవరమ్మా అని ఒక పిల్లను అడిగాను. పడీపడీ నవ్వింది.

నేను వాటిని తిట్టను. తిట్టడం మన పని కాదు. ఒక పిల్ల నాలుగు చోట్ల అదే పరీక్ష రాసిందంటే ఫలితం కోసం రాయలేదని గుర్తుపట్టండి. ప్రశ్నల కోసం రాసింది. నీకేం ఇష్టం అని ఆ పిల్లను ఇంట్లో ఎవరూ అడగలేదు. ఫోన్ అడుగుతోంది. నేను ఈ సంగతి గ్రహించేసరికి రిటైర్మెంట్‌కు ఏడాదే మిగిలింది. నేర్పింది ఇద్దరు, ఒక తండ్రీ కూతురూ.

శ్రావణి

శ్రావణి ఇంటర్ బైపీసీ పాసై వచ్చింది. మెడికల్ సీటు రాలేదు. వాళ్ళ నాన్న వీరేశం గారికి బేగం బజార్‌లో ఎండుమిర్చి, పసుపు, ధనియాల హోల్‌సేల్ దుకాణం. డాక్టర్ కానప్పుడు ఇంటి దగ్గరి కాలేజీలో బీకామ్ చదివి దుకాణం చూసుకోమన్నది ఆయన తీర్పు. ఆ పిల్ల కోరిక వేరు. మాటలు సరిగ్గా రాని పిల్లలకు మాట నేర్పే స్పీచ్ థెరపీ కోర్సు చదవాలి. వాళ్ళ పిన్ని కొడుక్కి అయిదేళ్ళు వచ్చినా మాట రాకపోతే దవాఖానకు తీసుకుపోయేది ఈ పిల్లేనట. అక్కడ చూసింది ఇంటికొచ్చి చేయించేది.

"వాడు ఫస్ట్‌టైమ్ నీళ్ళు అన్నడు మేడం" అంది. "నేను గిలాస తీసి దాచిపెట్టిన, అడిగేదాంక ఇయ్యలే. అన్నడు. నేనే ఏడ్చిన."

ఊరి అవతల ఒక కాలేజీలో ఆ కోర్సుంది. దరఖాస్తుకు ఇంకా పది రోజుల గడువుంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, కానీ పిల్ల సర్టిఫికెట్లన్నిటికీ తండ్రి ఫోన్ నంబరే ఇచ్చి ఉంది. ఓటీపీ ఆయన ఫోన్‌కే వస్తుంది. ఆయన ఆ ఆరు అంకెలు చెప్పకపోతే ఫారం ముందుకు కదలదు.

"నేను చెప్తే వినడు మేడం. మీ రిపోర్ట్‌ల రాసి వస్తే వింటడు" అంది శ్రావణి.

పరీక్ష రాసింది. ‘చెప్పలేను’ గడి ఒక్కటీ నొక్కలేదు. పిల్లలతో పని, మాటకు సంబంధించిన పని, రెండూ అన్నిటికన్నా పైన వచ్చాయి. వినికిడి శక్తి, భాష, ఓర్పు బాగున్నాయి. లెక్కలు కూడా బాగానే ఉన్నాయి కానీ వాటి మీద ఇష్టం అట్టడుగున ఉంది. ఇంత తేటగా వచ్చిన రిపోర్టు నేను చాలా అరుదుగా చూశాను. ముప్పై పేజీలూ అట్ట వేసి ఇచ్చాను. శ్రావణి దాన్ని ఎదకు హత్తుకుని మెట్లు దిగింది.

పందెం

రెండో రోజు వీరేశం గారే వచ్చారు, కూతుర్ని వెంటబెట్టుకుని. యాభై దాటిన మనిషి. తెల్లచొక్కా, మడత నలగలేదు. ఆయన కూర్చోగానే గదిలో ఎండుమిర్చి ఘాటు తెలిసింది. రిపోర్టు బల్ల మీద పెట్టారు.

"మేడం, మీరు పెద్దోళ్ళు, చదువుకున్నోళ్ళు. గా మిషన్‌కు నా బిడ్డ సంగతి ఎట్ల తెలుస్తది? పద్దెనిమిదేండ్ల సంది సాకుతున్న, నాకు తెల్వదా?"

నేను చెప్పాల్సినవన్నీ చెప్పాను. ఆయన వినలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. కానీ మూర్ఖుడు కాదు. కాసేపు ఆలోచించి, "సరే. నేను గూడ రాస్త. ముప్పై ఏండ్ల సంది బేపారం చేస్తున్న. నాకు బేపారం అని వస్తే మీ మిషన్ మాట వింట. రాకుంటే గిదంత ఝూఠా. ఒప్పుకుంటరా?" అన్నారు.

శ్రావణి నా వైపు చూసింది. నేను ఒప్పుకున్నాను. బేగం బజార్‌లో ముప్పై ఏళ్ళు నిలబడ్డ మనిషికి వ్యాపారం రాకపోతే ఇంకెవరికి వస్తుంది? ఆ పందెం గెలిచేశామనే అనుకున్నాను.

తెలుగు ప్రశ్నలు పెట్టి, మౌస్ చూపించి, ఆయన్ని మూల కంప్యూటర్ దగ్గర కూర్చోబెట్టాను. మొదట పదిహేను ప్రశ్నలు టకటకా నొక్కారు, దుకాణంలో బేరం తెంచినట్టు. ఆ తర్వాత నెమ్మదించారు. ఒక ప్రశ్న దగ్గర చెయ్యి మౌస్ మీదే ఉంచి, చాలాసేపు కదలకుండా ఉండిపోయారు. గంట పట్టింది. అంతసేపూ శ్రావణి గుమ్మం దగ్గర గోళ్ళు కొరుక్కుంటూ నిలబడింది.

రిపోర్టు మొదటి పేజీ ఒక్కటే ప్రింటు తీసి ఇచ్చాను. మొక్కలు, నేల, పంటలు, ఆరుబయట పని అన్నిటికన్నా పైన ఉన్నాయి. చాలా పైన. వ్యాపారం ఎక్కడో కింద ఉంది. ‘చెప్పలేను’ గడి ఒక్కటి కూడా లేదు. తండ్రికీ కూతురికీ అది ఒకేలా వచ్చింది.

ఆయన ఆ కాగితం మీది గీతల్ని వేలితో ఒక్కొక్కటే తడిమారు. కోప్పడతారనుకున్నాను, లేదా గెలిచానని నవ్వుతారనుకున్నాను. రెండూ చేయలేదు. మెల్లగా అడిగారు.

"మేడం, గిది నిజమేనా?"

ఇక్కడ నేను చేసిన తప్పు చదివేవాళ్ళు జాగ్రత్తగా చదవాలి. ఆయన మొహం చూస్తే నాకు భయం వేసింది. యాభై దాటిన మనిషికి, కూతురి ముందు, నువ్వు చేస్తున్న పని నీది కాదు అని ఎలా చెప్పను? ఆయన్ని కాపాడాలనుకున్నాను. పైగా నేను చెప్పింది అబద్ధం కూడా కాదు, మా పుస్తకంలో ఉన్న నియమమే. కొంచెం నవ్వుతూ అన్నాను.

"అయ్యో, ఇది పట్టించుకోకండి సేటుగారూ. ఈ పరీక్ష కాలేజీ పిల్లల కోసం తయారుచేసింది. వాళ్ళ జవాబులతో పోల్చి మార్కులేస్తుంది. మీ వయసు వాళ్ళకు ఇది వర్తించదు. ఊరికే సరదాకి అనుకోండి."

ఆయన మొహంలో ఏదో తలుపు వేసినట్టయింది. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు.

"సరదాకేనా? మరి నా బిడ్డది గూడ సరదానే గదా."

"కాదండీ, ఆ పిల్ల వయసుకు సరిగ్గా..."

"మిషన్ ఒకటే. గంట సేపు నేను గూడ దిల్ పెట్టి రాసిన. నాది ఝూఠా అయితే దానిది సచ్ ఎట్లయితది మేడం? బిడ్డా, నడువ్."

శ్రావణి నన్ను చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. కోపం కాదు. మీరు కూడానా అన్నట్టు చూసింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదే నేను చేసింది.

బేగం బజార్

మనం ఎవరి గడపా తొక్కకూడదని మాథుర్ సార్ నియమం. "మనం పోతే అది సలహా కాదమ్మా, సిఫార్సు అయితది" అనేవారు. ముప్పై ఏళ్ళలో నేను ఆ నియమం తప్పలేదు. నాలుగు రోజులు దానికే కట్టుబడి ఉన్నాను. అయిదో రోజు శ్రావణి నుంచి చిన్న మెసేజ్ వచ్చింది. "బీకామ్ ఫారం తెచ్చిన్రు మేడం. థాంక్స్." ఆ థాంక్స్ చదివాక కూర్చోలేకపోయాను. సగం రోజు సెలవు పెట్టి, మొజంజాహీ మార్కెట్ దాకా నడిచి, అక్కడ ఆటో ఎక్కాను.

దుకాణం ఇరుకు. బస్తాలు కప్పు దాకా ఉన్నాయి. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే తుమ్ములు మొదలయ్యాయి. వీరేశం గారు లేచి స్టూలు వేశారు. పనివాడితో చాయ్ తెమ్మన్నారు. ఎందుకొచ్చానని అడగలేదు. వాళ్ళ మర్యాద అలాంటిది.

తుమ్ములు ఆగాక చెప్పాను. "వీరేశం గారూ, ఆ రోజు నేను తప్పు మాట్లాడాను. వయసు నియమం ఉన్నమాట నిజమే. మార్కులు కాస్త అటూ ఇటూ కావచ్చు. కానీ మీరు రాసిన జవాబులు మీవే. ఒక్కచోట కూడా తప్పించుకోలేదు. ముప్పై ఏళ్ళలో నేను చూసిన నిజమైన కాగితాల్లో అదొకటి. మీ కూతురిది రెండోది."

ఆయన ఒక బస్తాలో చెయ్యిపెట్టి గుప్పెడు మిరపకాయలు తీశారు. ఒకటి తుంచి వాసన చూశారు.

"ఇది ఎర్రనేల కాయ మేడం. గా పక్క బస్తాది నల్లరేగడి. కండ్లు మూసుకోని చెప్త. ఏ యేడు వాన ఎనక పడ్డదో గూడ చెప్త." కాయను మళ్ళీ బస్తాలో వేశారు. "పంటలు నా దగ్గరికొస్తయి. నేను పంట దగ్గరికి పోలే."

అగ్రికల్చర్ కాలేజీలో సీటొచ్చిందట ఆయనకు, శ్రావణి వయసులో. ఉత్తరం వచ్చిన రోజే వాళ్ళ బాపు దాన్ని చదివి, మడిచి, గల్లా కింద పెట్టారట. ఏమీ అనలేదట. పొద్దున్నే తాళాల గుత్తి కొడుకు చేతిలో పెట్టారట. అంతే. ఆ రోజు నుంచి దుకాణం తీస్తున్నది ఈయనే. ఇంటి మిద్దె మీద నూనె డబ్బాల్లో వంకాయ, టమాట, కరివేపాకు పెంచుతారు. "మా ఇంటామె ఆ డబ్బాలు తీసెయ్యమని రోజు లొల్లి పెడ్తది" అని నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"మేడం, ఒకటి అడుగుత. కోపానికి రావద్దు."

"అడగండి."

"గా కాగితం నిజమైతే, ముప్పై ఏండ్లు నేను గీడ కూసోని ఏం చేసినట్టు మరి?"

ఎన్నో ఏళ్ళు ఎంతమందికో జవాబులు చెప్పిన దాన్ని. ఇల్లు నిలబెట్టారు, బిడ్డను చదివించారు, ఇవన్నీ గొంతు దాకా వచ్చాయి. అవన్నీ నిజాలే, కానీ ఆయన అడిగింది వాటి గురించి కాదు. ఈ మనిషి కూతురి కాగితాన్ని ఎందుకు ఒప్పుకోలేకపోతున్నాడో నాకు అప్పుడు తెలిసింది. ఆమెది నిజమంటే తనదీ నిజం. తనది నిజమంటే ఆ తాళాల గుత్తి అందుకున్న రోజు నుంచి అంతా మళ్ళీ తవ్వుకోవాలి. ఒక్క ఓటీపీ చెప్పడానికి ఆయన కట్టాల్సిన ధర అది.

"నాకు తెలియదండీ" అన్నాను. "నన్నూ ఎవరూ అడగలేదు. మా నాన్న ఎవరితోనో చెప్పి ఈ ఉద్యోగంలో చేర్పించారు. పరీక్ష రాయమంటే అబద్ధాలు రాశాను. ఇన్నేళ్ళలో మళ్ళీ రాయాలంటే ధైర్యం చాల్లేదు."

ఆ మాట నేను అంతకుముందు ఎవరితోనూ అనలేదు, మా ఇంట్లో కూడా. నాకు చిన్నప్పుడు పటాలు గీయడం ఇష్టం. నదులు, కొండలు, ఊళ్ళకు దారులు. స్కూలు గోడకు నేను గీసిన పటమే తగిలించేవారు. ఆ పని చేసేవాళ్ళకు ఉద్యోగాలుంటాయని కూడా అప్పుడు నాకు తెలియదు. చెప్పడానికి మాలాంటి సెంటర్ ఏదీ మా ఇంటి పక్కన లేదు. ఆ కోరిక ఇప్పటికీ చావలేదని ఆ స్టూలు మీద కూర్చున్నప్పుడే నాకు తెలిసింది.

వీరేశం గారు గ్లాసు నా వైపు జరిపారు. "చాయ్ చల్లగైతున్నది, తాగుండ్రి మేడం" అన్నారు. తాగాను. ఆయన అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. లేచి వచ్చేశాను.

ఆరు అంకెలు

గడువుకు ముందురోజు, మధ్యాహ్నం భోజనాల వేళ, తండ్రీ కూతురూ సెంటర్‌కు వచ్చారు. శ్రావణి కళ్ళు ఉబ్బి ఉన్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది. ఇంట్లో ఏం జరిగిందో నేను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు.

"మీ మిషన్ల మీదనే నింపుతదట. ఇంటి కాడ నెట్ సక్కగ వస్తలేదంట" అన్నారాయన. అది సాకు అని మా ముగ్గురికీ తెలుసు.

శ్రావణి కిటికీ దగ్గరి కంప్యూటర్ ముందు కూర్చుని ఫారం నింపింది. ఆయన ఫోన్ చేతిలో పట్టుకుని వెనక నిలబడ్డారు. ఫోన్ మోగింది. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఒక్కొక్క అంకె తెలుగులో చదివారు. నాలుగో అంకె దగ్గర ఆగారు. ఖళ్ళున దగ్గి, మళ్ళీ మొదటి నుంచి చదివారు. శ్రావణి వెనక్కి తిరిగి చూడకుండా నొక్కుతూ పోయింది. తిరిగితే ఇద్దరూ ఏడుస్తారని ఆ పిల్లకు తెలుసు.

ఫారం ముందుకు కదిలింది. ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని, గదంతా ఒకసారి చూసి, నా బల్ల దగ్గరికొచ్చారు.

"మేడం, గా మూలకు మిషన్ ఖాళీనే ఉన్నదా?"

"ఉంది. ఎందుకండీ?"

"ఇంకొకసారి రాస్త."

నాకు నవ్వొచ్చింది. "ఈసారి పందెం ఏమిటి సేటుగారూ?"

"పందెం లేదు. కాగితం గూడ వద్దు." మూల కంప్యూటర్ వైపు చెయ్యి చూపారు. "నీకేం ఇష్టమని నన్ను ఎవ్వరు అడగలే మేడం. మా బాపు అడగలే, నా పెండ్లప్పుడు అడగలే. ఇది అడుగుతది. జర అడగనియ్యుండ్రి."

తెలుగు ప్రశ్నలు పెట్టి ఇచ్చాను. ఈసారి ఆయన వెంటనే మౌస్ ముట్టుకోలేదు. ప్రశ్నను పెదాలు కదిలిస్తూ చదువుకున్నారు, చిన్నపిల్లలు బడిలో చదువుకునేటట్టు. చదివి, మెల్లగా తనలో తానే "ఔ" అన్నారు. అప్పుడు నొక్కారు. తర్వాతి ప్రశ్న వచ్చింది. మళ్ళీ చదువుకున్నారు.

శ్రావణి ఫారం పూర్తయి చాలాసేపైంది. రసీదు ప్రింటు తీసుకుని మడిచి బ్యాగులో పెట్టుకుంది. నాన్నను పిలవబోయి నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. ఆ పిల్ల కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. సెంటర్ మూసేదాకా మేమిద్దరం ఆయన్ని లేపలేదు.